పన్నెండు నిమిషాల సినిమా

సినిమా కథ ఎలా రాయాలో నేర్పే పుస్తకాలు నేను మూడు చదివాను. మూడూ నా యాభై తొమ్మిదో ఏట, రాజోలు నుంచి అమలాపురం వెళ్ళే బస్సులో చదివాను. మా వీధిలో ఒకమ్మాయి ఉంది. కాలేజీలో చదువుతూ సినిమాల్లోకి వెళ్ళాలని కలలు కంటోంది. మొన్న వచ్చి, "పుస్తకాలు చదివితే రాయడం వచ్చేస్తుందాండి అమ్మమ్మగారూ?" అని అడిగింది. చప్పున ఏం చెప్పాలో తోచక టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ అమ్మాయికీ, ఆ వయసు వాళ్ళకీ నేను చెప్పాల్సినది కొంచెం పొడుగైన సంగతి.

నేను ఆరోగ్య శాఖలో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. మొదట్లో నర్సమ్మని, తరవాత సూపర్‌వైజర్ని, ఆఖరి రెండేళ్ళూ హెల్త్ ఎడ్యుకేటర్ని. పేరు పెద్దదే గాని చేసే పని చిన్నది. గోడల మీద నినాదాలు రాయించడం, సంతలో మైకు పట్టుకుని దోమల గురించి మాట్లాడటం, బడి పిల్లల చేత చేతులు కడిగించడం. కరపత్రాలు నేనే రాసేదాన్ని. నా తెలుగు బాగుంటుందని ఆఫీసులో చిన్న పేరు కూడా ఉండేది. ఆ పేరే నన్ను ఇందులోకి దింపింది.

అమలాపురంలో మీటింగు ఒకటి అయ్యాక మా ఆఫీసరుగారు నన్ను ఆగమన్నారు. ఆయన మా అబ్బాయి వయసువాడు, మర్యాదస్తుడు. వరద రోజుల్లో గోదావరి మధ్య లంకల్లో ఉండే గర్భిణులు నెలలు నిండకముందే ఇవతలి ఒడ్డుకి వచ్చెయ్యాలని చెప్పే సినిమా ఒకటి తీద్దామన్నారు. పన్నెండు నిమిషాలు. కొత్తపేటలో పెళ్ళి వీడియోలు తీసే కుర్రాళ్ళు తీస్తారు.

"కథ మీరు రాసెయ్యండి మేడమ్. కరపత్రాలు రాస్తారు కదా" అన్నారు.

కరపత్రానికీ కథకీ ఉన్న దూరం ఆయనకి తెలియదు. నాకూ తెలియదు. సరేనండి అని బయటికి వచ్చాక భయం వెయ్యలేదు, హుషారొచ్చింది. చిన్నప్పుడు టెంటు హాల్లో తెర మీద వెలుగు పడగానే వచ్చేదే, అది.

మొదటి పుస్తకం రాజమండ్రిలో పాత పుస్తకాలు అమ్మే చోట దొరికింది. సన్నటి తెలుగు పుస్తకం. అట్ట ఊడిపోవడం వల్ల రాసినాయన ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. రెండోది ఇంగ్లీషులో లావుపాటిది, మా మేనకోడలు ఇచ్చింది. మూడోది ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించుకున్నాను. మూడూ మూడు రకాలుగా ఒకటే చెప్పాయి. కథలో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి ఏదో గట్టిగా కావాలి. దానికి ఇంకొకరు అడ్డుపడాలి. అడ్డు ఎంత గట్టిదైతే కథ అంత గట్టిదవుతుంది. ఫలానా పేజీ దగ్గర మలుపు, ఫలానా పేజీ దగ్గర ఇంకా పెద్ద మలుపు. ఇంగ్లీషు పుస్తకంలో దీనికి ఒక బొమ్మ కూడా ఉంది, మా ఆఫీసులో జ్వరాల పట్టికలో గీత ఎక్కి దిగినట్టు. అది చూడగానే నాకు ధైర్యం వచ్చింది. పట్టికలు నాకు తెలుసు కదా.

ఆ నెలరోజులూ ఎలా గడిచాయో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, హాయిగా కూడా ఉంటుంది. బస్సులో ఎడమ పక్క కిటికీ దగ్గర కూచునేదాన్ని. కాలవ మాతోపాటే వచ్చేది. కొబ్బరిచెట్ల సందుల్లోంచి పేజీ మీద ఎండా నీడా, ఎండా నీడా పరిగెత్తేవి. రెండు పేజీలు చదివేసరికి అక్షరాలు కదిలి బొమ్మలయ్యేవి. తల ఎత్తితే కండక్టరు కనిపించేవాడు. ఇతనికి ఏం కావాలి? ఇతనికి అడ్డు ఎవరు? ఎదర సీట్లో తామరపూల బుట్ట ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్న ముసలావిడకి ఏం కావాలి? రెండుసార్లు దిగాల్సిన చోటు దాటిపోయాను. ఇంట్లో కూర మాడిపోయేది. మావారు ఏమీ అనకుండా పెరుగన్నం తినేవారు.

మూడో పుస్తకంలో ఇంకో పద్ధతి ఉంది. ఒక్కో సన్నివేశాన్ని ఒక్కో అట్టముక్క మీద రాసి వరసగా గోడకి గుచ్చుకోవాలట. మా గోడలకి మేకు దిగదు. అందుకని పెరట్లో బట్టలారేసే తీగ మీద, క్లిప్పులు పెట్టి వేలాడదీశాను. కాలవ వైపు నుంచి గాలి వచ్చినప్పుడల్లా నా సినిమా అంతా ఒక్కసారి ఊగేది. ఒక మధ్యాహ్నం గాలి గట్టిగా కొట్టి సగం ముక్కలు కాలవలోకి ఎగిరిపోయాయి. రేవులో బట్టలు ఉతుక్కుంటున్న పక్కింటావిడ రెండు ముక్కలు పట్టుకుని తడి చేత్తో తెచ్చి ఇచ్చింది.

"మీ కాయితాలేనాండీ? 'అత్త తలుపు గడియ పెట్టెను' అని ఉందిదేంటండీ? ఎవరింట్లోనండీ?"

"ఎవరింట్లోనూ కాదండి. కథ" అన్నాను.

అది పూర్తిగా నిజం కాదు.

నాకు తెలిసిన ఒక సంఘటన ఉంది. దాన్నే తీసుకున్నాను. అంతకు మూడేళ్ళ ముందు, నేను సూపర్‌వైజరుగా ఉన్నప్పుడు, వశిష్ఠ పాయలో ఉన్న ఒక లంక నుంచి ఒక అమ్మాయిని వరదలో పడవ మీద తీసుకొస్తుంటే నది మధ్యలోనే కాన్పు అయిపోయింది. నెల తక్కువ బిడ్డ. తల్లికి రక్తం చాలా పోయింది. ఇద్దరూ బతికారు గాని, బతికారని తెలియడానికి మూడు రోజులు పట్టింది. ఆ కేసు రిపోర్టు నేనే రాశాను. అందులో ఒక ప్రశ్న ఉంటుంది: ఆలస్యం ఎక్కడ జరిగింది? ఇంటి దగ్గరా, దారిలోనా, ఆస్పత్రిలోనా? మూడు గళ్ళు. పొద్దున్న ఏడింటికి నొప్పులు మొదలైతే ఒంటిగంట దాకా ఆస్పత్రికి చేరలేదు కాబట్టి, "ఇంటి దగ్గర" అన్న గడిలో టిక్కు పెట్టాను. పెట్టడమే కాదు, వార్డులో అందరి ముందూ ఆ అమ్మాయి అత్తగారిని కేకలేశాను. "ఇంతసేపూ ఏం చేస్తున్నారు? మీ ఇంటి పిల్ల కాదనా?" అని. ఆవిడ బురద ఎండిన చీరతో నిలబడింది. జవాబు చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి తప్పు తనదేనని అనుకున్నాను.

అదే అత్తగారు నా కథలో అడ్డుపడే మనిషి అయింది. పుస్తకాలు అడ్డు గట్టిగా ఉండాలన్నాయి కదా, నేను గట్టిగానే చేశాను. ఆవిడకి కోడలంటే గిట్టదు. ఆస్పత్రంటే నమ్మకం లేదు. ఆరో పేజీలో తలుపుకి గడియ పెడుతుంది. తొమ్మిదో పేజీలో కోడలు గడియ విరగ్గొట్టుకుని వరదలోకి పరిగెడుతుంది. మా జీపు డ్రైవరుగారికి చదివి వినిపించాను. ఆయన సినిమా పిచ్చోడు, విడుదలైన రోజునే చూడకపోతే జ్వరం వచ్చేస్తుంది.

"బ్రహ్మాండంగా ఉందండి మేడంగారూ. ఇంటర్వెల్ ఎక్కడిస్తున్నారండీ?"

"పన్నెండు నిమిషాల సినిమాకి ఇంటర్వెల్ ఏంటండీ?"

"అత్త గడియెట్టినప్పుడు ఇచ్చెయ్యండి. జనం సోడా తాగుతా తిట్టుకుంటారు."

ఆఫీసరుగారు కూడా చదివి మెచ్చుకున్నారు. "అత్తగారి పాత్ర చాలా బాగా వచ్చింది మేడమ్" అన్నారు. స్క్రిప్టు మీద సంతకం అయింది. షూటింగుకి రోజు పెట్టారు.

మా శాఖలో ఒక మంచి అలవాటు ఉంది. ఏ పోస్టరైనా అచ్చుకి పంపే ముందు పదిమంది ఆడవాళ్ళకి చూపించి, అర్థమైందో లేదో కనుక్కోవాలి. కథ కూడా అలా చదివి వినిపించమన్నారు. ఎక్కడికైనా వెళ్ళొచ్చు. నేను ఆ లంకకే వెళ్ళాను. పేర్లు మార్చాను కదా అని ఒక ధీమా. ఇంకోటి కూడా ఉంది, ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు. ఆ ఇంటివాళ్ళు వింటే బుద్ధి తెచ్చుకుంటారని లోపల అనుకున్నాను.

మాఘమాసం ఎండ. నది సన్నగా, నిద్రపోతున్నట్టు ఉంది. పడవ దిగి అరటితోటల మధ్య నుంచి నడుస్తుంటే నా సినిమాలోకి నేనే నడుచుకుంటూ వెళ్తున్నట్టు అనిపించింది. అంగన్‌వాడీ వరండాలో పదిహేనుమంది దాకా కూచున్నారు. కొందరు వింటూనే చిన్న కత్తులతో కొబ్బరాకుల ఈనెలు తీసుకుంటున్నారు, చీపుర్లకి. చదవడం మొదలెట్టాను. నా గొంతు నాకే బాగుందనిపించింది. ఆరో పేజీ వచ్చింది. అత్త గడియ పెట్టింది.

వరండాలో కత్తులు ఆగాయి. అందరూ ఒకవైపే చూస్తున్నారు. స్తంభానికి ఆనుకుని ఆవిడ కూచుని ఉంది. మూడేళ్ళలో జుట్టు బాగా నెరిసింది. నేను గుర్తుపట్టలేదు, ముందు. ఆవిడొక్కతే ఆపకుండా ఈనెలు తీస్తోంది. ఆపితే బాగుండదేమోనని నేనూ ఆపకుండా ఆఖరి దాకా చదివేశాను.

ఆవిడ కత్తి కింద పెట్టింది.

"బాగా రాసేరండి మేడంగారూ. ఒకటి అడగొచ్చాండీ?"

"అడగండి వదినగారూ."

"మా ఇంటికి గడియ లేదండి. తడికండి అది. వరదొస్తే తడిక తీసి పైన పెట్టుకుంటావండి."

అంతే అంది. కోపంగా అనలేదు. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళకి దారి చెప్పినట్టు అంది.

వెనక నుంచి ఆ కోడలు లేచింది. చంకలో మూడేళ్ళ పాప, ఆ పడవలో పుట్టిన పాపే, వేలు నోట్లో పెట్టుకుని నన్నే చూస్తోంది.

"మా అత్తగారు నన్నాపలేదండి" అంది ఆ అమ్మాయి.

"మరి అప్పుడు ఆస్పత్రిలో చెప్పలేదేమ్మా?"

"మీరు అడగలేదు కదండీ. కేకలేసేరు."

ఆ అమ్మాయే మిగతాదీ చెప్పింది. ఆ రోజు వార్డులో నేను కేకలేస్తున్నప్పుడు, పలివెల నుంచి వియ్యపురాలు చూడ్డానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉందట. ఆ ఇంటి చిన్నకోడలి తల్లి. అప్పటికి చిన్నబ్బాయి పెళ్ళయి రెండు నెలలు. తరవాత ఆ చిన్నకోడలు నీళ్ళోసుకుంటే, మూడో నెలలోనే పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకుపోయారు. "కోడల్ని చంపుకునే ఇంట్లో మా పిల్లని ఉంచం" అన్నారట. కాన్పు పలివెలలోనే అయింది. మనవడికి తొమ్మిదో నెల. ఈ నానమ్మ ఇంకా ఆ పిల్లాణ్ణి చూడలేదు. చిన్నబ్బాయి వారం వారం అటు వెళ్ళి వస్తున్నాడు. మా నర్సమ్మలు కూడా ఆ లంకకి వచ్చినప్పుడల్లా ఆ ఇంటి ముందు ఆగి, "ఈసారి అలా చెయ్యకండేం" అని చెప్పి వెళ్తున్నారట. రిపోర్టులో అలా ఉంది కదా మరి.

చేతిలో కాయితాలు మడిచాను. ఏం చెయ్యాలో తెలియని ఆ క్షణంలో, అట్ట ఊడిపోయిన ఆ తెలుగు పుస్తకంలో చదివిన సంగతి ఒకటి మనసులో మెదిలింది. కంటికి కనిపించేది, చెవికి వినిపించేది తప్ప ఇంకేమీ కాయితం మీద పెట్టొద్దని ఉంది అందులో. మనసులో అనుకున్నది తెర మీద పడదు. నేను రాసిందంతా ఆవిడ మనసులో ఏముందో నేను అనుకున్నదే. ఆ రోజు ఏం కనిపించిందో, ఏం వినిపించిందో ఒక్క ముక్క కూడా నాకు తెలియదు.

"వదినగారూ, ఆ రోజు ఏం జరిగిందో నాకు చూపిస్తారా?" అని అడిగాను.

ఆవిడ లేచి చీర దులుపుకుంది. ముందు నడిచింది. మేమంతా వెనకాల.

పొద్దున్న ఏడింటికి నొప్పులు. ఫోను చేస్తే పడవలు ఆపేశారన్నారు. ఇంటి చుట్టూ మోకాలి లోతు నీళ్ళు. కోడల్ని మంచం మీద కూచోబెట్టి, కొడుకులిద్దరూ ఆ మంచాన్ని మోసుకుంటూ ఇదిగో ఈ దిబ్బ మీదకి తెచ్చారు. ఆవిడ ఒక గెడకి తన ఎర్రచీర కట్టి, నడుం లోతు నీళ్ళలోకి దిగి ఊపుతూ నిలబడింది.

"ఇక్కడేనండి. ఈ నిద్రగన్నేరు కాడ. ఓ పడవ ఇలాగే వెళ్ళిందండి. మందులవీ ఏసుకుని వెళ్తన్నారు. కేకేసేను. ఇంజను సొదలో వినపడలేదు కావాల. తరవాతింక పన్నెండింటి దాకా ఒక్క పడవ రాలేదండి."

ఎర్రచీర.

ఒక్కసారిగా ఎండ తగ్గిపోయినట్టయింది. నేను ఆ చీరని చూశాను. ఆ పడవలో నేను ఉన్నాను. పై లంకకి క్లోరిన్ బిళ్ళలూ పాలప్యాకెట్లూ పట్టుకెళ్తున్నాం. బురదరంగు నీళ్ళ మీద, ఆకాశమంతా బూడిదరంగులో ఉంటే, అంత ఎరుపు ఒక్కచోట ఊగుతోంది. ఎంత బాగుందో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. పడవ నడిపే సరంగు, "ఆపమంటారాండీ?" అని అడిగాడు. ప్యాకెట్ల కోసం అయ్యుంటుందనుకుని, "వచ్చేటప్పుడు చూద్దాంలెండి" అన్నాను. వచ్చేటప్పుడు ప్రవాహం ఎక్కువై అవతలి పక్కగా తిప్పుకొచ్చాడు. ఆ సంగతి మళ్ళీ నాకు గుర్తు రాలేదు. రెండు రోజుల తరవాత వార్డులో ఆవిణ్ణి కేకలేసినప్పుడు కూడా గుర్తు రాలేదు.

చెప్పకుండా వచ్చెయ్యొచ్చు. నా ఒక్కదానికే తెలుసు. కాని ఆవిడ ఇంకా నది వైపు చెయ్యి చూపిస్తూనే ఉంది.

"వదినగారూ, ఆ పడవలో నేనున్నానండి. ఆపొద్దన్నది నేనే."

ఆవిడ చెయ్యి కిందికి దిగింది. నా మొహంలోకి చూసింది.

"గళ్ళ గొడుగేసుకుని ఒకావిడ కూచున్నారు. మీరేనాండీ?"

"నేనేనండి."

"మాకేసి చూసేరు కూడానండి."

"చూశానండి."

ఆవిడ నది వైపు తిరిగింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కోడలు పాపని ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుంది. చివరికి ఆవిడే అంది: "ఎల్లండి మేడంగారూ. పొద్దోతంది. పడవ ఎల్లిపోద్ది."

వెళ్ళేటప్పుడు జీపులో పాటలు పెట్టిన డ్రైవరుగారు వచ్చేటప్పుడు పెట్టలేదు. నా మొహం చూసి ఉంటారు. రాజోలు దగ్గరపడుతుండగా అంతా చెప్పాను. ఆయన గేరు మార్చి, "అయితే ఆ గడియ సీను తీసెయ్యాలండి" అన్నారు. ఆయన పద్ధతిలో అది ఓదార్పు.

మర్నాడు అమలాపురం వెళ్ళాను. రెండు కాయితాలు పట్టుకెళ్ళాను. ఒకటి, స్క్రిప్టు వెనక్కి తీసుకుంటున్నానని. రెండోది, మూడేళ్ళ కిందటి రిపోర్టులో నేను పెట్టిన టిక్కు తప్పని, ఆలస్యం ఇంటి దగ్గర కాదు, దారిలో జరిగిందని, ఆ దారిలో నేను ఉన్నానని. ఆఫీసరుగారు రెండోది రెండుసార్లు చదివారు.

"ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా మేడమ్?"

"లంకలో తెలుసు సార్. ఇప్పుడు మీకు తెలిసింది."

"దీనికి నేను మెమో ఇవ్వాల్సి వస్తుంది. ఇంకో ఏణ్ణర్థంలో రిటైరవుతున్నారు. ఎందుకండి?"

"ఇవ్వండి సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "మన పడవ ఆగకుండా వెళ్ళిపోయిందని తెర మీద చూపిస్తే, జనం మన మాట ఇంక నమ్ముతారా?" అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే.

"ఈసారి ఆగుతుందని తెలిస్తే నమ్ముతారు సార్" అన్నాను.

చాలాసేపు బల్ల మీద పెన్ను దొర్లించారు. ఆఖరికి, "పడవ ఎవరిదో చెప్పకండి. మిగతాది మీ ఇష్టం. షూటింగు పది రోజులు వెనక్కి జరుపుతాను" అన్నారు. మెమో వచ్చింది. జవాబు రాసుకున్నాను. నా సర్వీసు కాయితాల్లో ఇప్పటికీ ఉంటుంది. ఇంకోటి కూడా వచ్చింది, అది నేను అడగనిది. వరద డ్యూటీలో ఉన్న ఏ పడవైనా, గట్టు మీద గెడకి గుడ్డ కట్టి ఊపితే ఆగి తీరాలని ఆయనే పైవాళ్ళతో మాట్లాడి ఒక ఉత్తర్వు ఇప్పించారు.

ఆ వారమే పలివెల వెళ్ళాను. కోనేటి వీధి, గుడి అవన్నీ చూసే మనసు లేదు, నేరుగా ఆ ఇంటికే. వియ్యపురాలు నన్ను గుర్తుపట్టి పీట వేసింది. చిన్నకోడలు తలుపు పక్కన నిలబడింది, పిల్లాడు కింద పాకుతున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"అప్పుడు మీరే కదండీ అన్నారు, ఇంటోళ్ళ వల్లే ఇంత దాకా వచ్చిందని?"

"అన్నానండి."

"ఇప్పుడు మళ్ళీ మీరే కాదంటన్నారు."

"ఆయ్. అప్పుడు తెలుసుకోకుండా అన్నానండి."

ఆవిడ మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చింది. "మా భయం ఊరికే పుట్టలేదండి. మీరెట్టిందే. పెట్టినంత తొందరగా పోదు కదండీ. చూస్తావండి" అంది. నేను మజ్జిగ తాగి లేచాను. అంతకంటే ఏం అడిగే హక్కుంది నాకు? గుమ్మం దాటుతుంటే చిన్నకోడలు వెనక నుంచి, "మా అత్తగారు బాగున్నారాండీ?" అని మెల్లిగా అడిగింది.

కథ మళ్ళీ రాశాను. ఈసారి తీగ మీద ముక్కలు వేలాడదీయలేదు. అడ్డుపడే మనిషి ఎవరని పుస్తకాలు అడుగుతూనే ఉన్నాయి. ఎంత వెతికినా ఆ రోజు అక్కడ చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. "వచ్చేటప్పుడు చూద్దాంలెండి" అన్న ఒక్క మాట ఉంది, అంతే. దాన్నే రాశాను. రాసింది ముందు ఆవిడకే చదివి వినిపించాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"మరీ అంత మంచిదాన్ని కానండి నేను. ఆ పిల్ల నొప్పుల్లో నన్ను నానా తిట్లూ తిట్టిందండి, నేనూ ఓటి తిరిగిచ్చేను. అదీ రాయండి."

కోడలు పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రాశాను. సినిమాలో అందరికీ నచ్చింది అదే.

అంగన్‌వాడీ కిటికీలకి గోనెసంచులు కట్టి ఒక మధ్యాహ్నం ఆ సినిమా వేశాం. సంచుల కన్నాల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా గోడ మీద పడుతోంది, ఆ చుక్కల మీదే నది ప్రవహించింది. పెళ్ళి కెమెరా కుర్రాళ్ళు బాగానే తీశారు, అక్కడక్కడా అక్షింతలు పడతాయేమో అనిపించింది గాని. ఆవిడ ముందు వరసలో కూచుంది. అయిపోయాక దీపం వేస్తే కళ్ళు తుడుచుకుంటూ, "మా ఇంజను పడవల సొద మాత్రం అచ్చంగా అలాగే ఉందండి" అంది. ఆ సినిమా ఒకటి రెండు వరదలకి ఊళ్ళల్లో వేశారు. ఇప్పుడు ఏ ఆఫీసు బీరువాలో ఉందో తెలియదు.

కాబట్టి అమ్మాయీ, పుస్తకాలు కొనుక్కో. మలుపులూ పేజీలూ తెలుసుకో, నష్టం లేదు. నేను నేర్చుకున్నంత మటుకు నేర్చుకున్నది వాటి వల్లే, తప్పు చేసిందీ వాటిని పట్టుకునే. ఎవరినైనా చెడ్డవాళ్ళని చేసే ముందు వాళ్ళ ఇంటికి ఒకసారి వెళ్ళిరా. తలుపు ఎలాంటిదో చూడు. నాకు తెలిసిన విద్య అంతే. ఆ తరవాత నేను ఇంకో సినిమా రాయలేదు.

నేను రిటైరైన ఏడు కార్తీకమాసంలో పెద్దకోడలు ఫోను చేసింది. పలివెల నుంచి చిన్నకోడలు వచ్చిందట, పిల్లాణ్ణి తీసుకుని. వియ్యపురాలు స్వయంగా వెంటబెట్టుకు వచ్చిందట. నా మాట వల్లో, సినిమా వల్లో, చిన్నకోడలే పట్టుబట్టడం వల్లో నేను అడగలేదు.

"పిల్లాడు మా అత్తగార్ని చూసి ఒకటే ఏడుపండి. కొత్త కదండీ" అంది. "ఎత్తుకోబోతే ఇంకా గుక్కెట్టేడు. మా అత్తగారు 'ఏడిపించకండి, వాడంతట వాడే వస్తాడు' అని అరుగు మీద దూరంగా కూచున్నారండి. వాడికేసి చూడనట్టే కూచున్నారు."

"తరవాత?"

"సాయంకాలం దాకా అలాగే కూచున్నారండి. అప్పుడు వాడే ఓ అడుగేసి ఆగుతూ, ఓ అడుగేసి ఆగుతూ వెళ్ళి, ఆవిడ ఒళ్ళో చెయ్యేసేడు. అయినా ఎత్తుకోలేదండి మా అత్తగారు. ఇంకాసేపు ఆగేరు."